కరెంటు పోయిన గంట ఎవరిది?

కార్యాలయంలో కరెంటు, నెట్‌వర్కు రెండూ ఒకేసారి పోయినప్పుడు ఏమవుతుందో తెలుగునాట ఎవరికీ వివరించనక్కరలేదు. ఫ్యాన్లు ఆగుతాయి. యూపీఎస్‌లు కొంతసేపు కూతపెట్టి ఊరుకుంటాయి. కౌంటరు అద్దం మీద ‘సర్వర్ డౌన్’ అన్న కాగితం వెలుస్తుంది. అద్దానికి అవతల ఉన్నవారు కుర్చీల్లోంచి కదలకుండా ఫోన్లు తీస్తారు. సిగ్నలు లేకపోయినా ముందే దింపి ఉంచుకున్న సినిమా ఉంటుంది, ఆట ఉంటుంది. అద్దానికి ఇవతల ఉన్నవారు నిలబడిన చోటే నిలబడి ఉంటారు. ఎప్పుడు వస్తుందని అడిగితే ‘వచ్చినప్పుడు’ అన్న సమాధానం వస్తుంది.

ఎండనూ వాననూ భరించినట్లే ఈ దృశ్యాన్ని కూడా భరించడానికి మనం అలవాటు పడ్డాం. ‘ఏం చేస్తాం, కరెంటు లేదు కదా’ అన్న ఒక్క మాట అందరి బాధ్యతనూ మాఫీ చేస్తోంది. ఆ మాటను నేను అంగీకరించలేను. ఆ గంటలో లేచి తిరగవలసిన శరీరాలు కుర్చీలకు అతుక్కుని ఉంటున్నాయి. ఆగకూడని పనేమో ఆగిపోతోంది. మొదటిది ఉద్యోగి ఆరోగ్యానికి చేటు, రెండవది క్యూలో నిలబడినవారి ఆరోగ్యానికి చేటు. ఈ రెండు నష్టాలకూ కరెంటును నిందించి ప్రయోజనం లేదు. తీగలో కరెంటు లేకపోయినా లేచి నడవవచ్చు, కలంతో రాయవచ్చు.

కుర్చీ దిగని విశ్రాంతి

‘కాలక్షేపం’ మంచి మాట. మన పెద్దలు హరికథా కాలక్షేపం అన్నారు, పురాణ కాలక్షేపం అన్నారు. పనులు ముగించుకుని నలుగురూ ఒకచోట చేరి మనసుకు పుష్టినిచ్చేదేదో వింటూ పొద్దుపుచ్చడం ఆ మాటలోని అర్థం. నేడు అదే మాటను చేతిలోని తెర మీద బొటనవేలు జరపడానికి వాడుతున్నాం. ఉద్యోగికి విశ్రాంతి దక్కకూడదని నేను అనడం లేదు. దక్కవలసిన విశ్రాంతి దక్కడం లేదన్నదే నా ఫిర్యాదు.

ముందుగా కంటి సంగతి చూద్దాం. సాధారణంగా మనిషి నిమిషానికి 15 నుంచి 20 సార్లు రెప్ప వేస్తాడు. తెరను తదేకంగా చూస్తున్నప్పుడు ఆ సంఖ్య సగానికన్నా తక్కువకు పడిపోతుంది. రెప్ప పడినప్పుడల్లా కంటి మీద పలుచని కన్నీటి పొర కొత్తగా పరుచుకుంటుంది. రెప్పపాటు తగ్గితే ఆ పొర ఆరిపోయి మంట, ఎరుపు, మసక, తలనొప్పి మొదలవుతాయి. పైగా దగ్గరి వస్తువును చూడాలంటే కంటిలోని కండరం బిగుసుకోవాలి. దూరంగా చూసినప్పుడే అది సడలుతుంది. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి, 20 అడుగుల దూరంలోని వస్తువును, 20 సెకన్లపాటు చూడమని కంటివైద్యులు చెప్పడం ఇందుకే. ఉదయం నుంచి కంప్యూటరుతో అలసిన కంటికి, కరెంటు పోయాక అంతకంటే చిన్న తెరను అంతకంటే దగ్గరగా, వెలుతురు చాలని గదిలో చూపించడాన్ని విశ్రాంతి అనగలమా?

ఇక శరీరం సంగతి. 1953లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు, ఆయన సహచరులు ‘లాన్సెట్’ పత్రికలో ఒక పరిశీలనను ప్రకటించారు. లండన్‌లోని రెండంతస్తుల బస్సులలో డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టికెట్ల కోసం ఆ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. బస్సు ఒకటే, దారి ఒకటే. అయినా గుండెజబ్బు కండక్టర్లలో తక్కువగా కనిపించింది. బల్ల దగ్గర కూర్చుని పనిచేసే ఉద్యోగులతో పోలిస్తే ఉత్తరాలు పంచే పోస్టుమాన్లలోనూ అదే ధోరణి కనిపించింది. ఆ తరువాతి ఏడు దశాబ్దాల పరిశోధనలు ఈ సంగతిని మరింత బలపరిచాయే తప్ప కొట్టివేయలేదు.

నడిచినప్పుడు పిక్క కండరాలు బిగిసి, కాళ్లలోని రక్తాన్ని గుండెవైపు పైకి నెడతాయి. గంటల తరబడి కూర్చుంటే ఆ పని మందగిస్తుంది. సాయంత్రానికి పాదాలు బరువెక్కుతాయి. భోజనం తరువాత రక్తంలో పెరిగిన చక్కెరను వాడుకునే ప్రధాన స్థానం కూడా కండరమే. మధ్యాహ్న భోజనం చేసి కదలకుండా కూర్చున్నవాడికన్నా, మధ్యమధ్య లేచి రెండేసి నిమిషాలు నడిచినవాడిలో ఆ చక్కెర తక్కువగా పెరుగుతుంది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం మన దేశంలో మధుమేహ రోగులు సుమారు 10 కోట్లమంది. దాని అంచున నిలబడినవారు మరో 13 కోట్లకు పైగా ఉన్నారు. అంటే మీ కార్యాలయంలో కరెంటు పోయిన గంటలో ఫోను చూస్తూ కూర్చున్నవారిలో కొందరు నిస్సందేహంగా ఈ లెక్కలోనివారే.

నడవడానికి తీరిక లేదని ఏళ్ల తరబడి వైద్యులకు చెబుతూ వచ్చినవారికి ఆ తీరిక నడిచి వచ్చింది. దానిని చేతులారా మళ్లీ తెరకే అప్పగిస్తున్నారు. లేవండి. వరండాలో పది నిమిషాలు నడవండి. కిటికీ దగ్గర నిలబడి వీధి చివరి వేపచెట్టును చూడండి. పక్క విభాగంలో పదేళ్లుగా పనిచేస్తున్న మనిషిని పేరు పెట్టి పలకరించండి. చీకటి మెట్లమీద మాత్రం వ్యాయామం వద్దు. తుంటి ఎముక విరిగితే ఆ నష్టం పూడ్చలేనిది.

ఈ సందర్భంలో యాజమాన్యాలకూ ఒక మాట చెప్పాలి. కరెంటు పోయిన గంటను ‘పోయిన పనిగంట’గా లెక్కగట్టి, సాయంత్రం అదనంగా కూర్చోబెట్టి వసూలు చేసే పద్ధతి కొన్ని సంస్థలలో ఉంది. తీగ తెగినందుకు ఉద్యోగి నిద్రలో కోత వేయడమేమి న్యాయం? వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ప్రకటించాయి. ఆ గంట యజమాని సొత్తు అనుకునేవారు ఈ అంకెలను ఒకసారి చూడాలి.

మూసిన గదిలో ముప్పు

పాత కార్యాలయ భవనాలకు ఎత్తైన పైకప్పు, ఎదురెదురు కిటికీలు, చుట్టూ వరండా ఉండేవి. కరెంటు పోతే కిటికీ తెరిచేవారు. నేటి భవనాలకు అద్దాల గోడలున్నాయి. వాటిలో చాలావరకు తెరుచుకోవు. ఏసీ ఆగిన తరువాత అక్కడ గాలి కదలదు. పదులమంది ఊపిరి, ఒంటి వేడి, అద్దంలోంచి దూరే ఎండ కలిసి ఆ గది ఉడకడం మొదలవుతుంది. మన రాష్ట్రాలలో ఎండ సంగతి తేలికగా తీసుకోదగినది కాదు. 2015 మే నెలలో వడగాలులకు దేశంలో రెండువేలమందికి పైగా మరణించారు; వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణవారే.

మన శరీరం చల్లబడేది ప్రధానంగా చెమట ఆరడం వల్ల. గాలి కదలకపోతే చెమట కారుతుందే గాని ఆరదు. గాలి వేడి ఒంటి వేడిని మించితే అట్టముక్కతో విసురుకోవడం ఒక్కటే చాలదు. మెడమీద, చేతులమీద తడిగుడ్డ వేసుకుని విసురుకోవాలి. తలతిరగడం, వాంతి, విపరీతమైన నీరసం కనిపిస్తే ఆ మనిషిని వెంటనే నీడకు, గాలికి చేర్చాలి. మాట తడబడి, మనిషి అయోమయంలో పడి, ఒళ్లు కాలిపోతూ ఉంటే అది వడదెబ్బ. ఒళ్లంతా తడిపి విసురుతూ 108కు ఫోను చేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి.

జనరేటరు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. వరండా మూలలోనో, సెల్లారులోనో, కిటికీ కిందనో జనరేటరు నడిపించే అలవాటు మనకు ఎక్కువ. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆమ్లజనికన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఒకే గదిలో ఉన్న నలుగురికీ ఒకేసారి తలనొప్పి, వికారం, మగత మొదలైతే మధ్యాహ్నం తిన్న భోజనాన్ని అనుమానించే ముందు అందరూ బయటకు రావాలి.

ఎవరూ పైకి చెప్పని ఇబ్బంది మరొకటి ఉంది. కరెంటు పోతే మోటారు నడవదు. ట్యాంకు ఖాళీ అయితే మరుగుదొడ్డిలో నీరు ఉండదు. అందుకని మహిళా ఉద్యోగులు నీళ్లు తాగడం మానేస్తారు, మూత్రం బిగబట్టుకుంటారు. మంట, జ్వరంతో వైద్యుల దగ్గరకు వచ్చే మూత్రకోశ వ్యాధులకు ఈ అలవాటు తోడ్పడుతుంది. లక్షలు పోసి సర్వర్లకు బ్యాటరీలు అమర్చే సంస్థ, మరుగుదొడ్డి ముందు నాలుగు డ్రమ్ముల నీరు నింపి ఉంచలేదా?

అద్దానికి ఇవతల

ఇప్పటివరకు చెప్పినది కుర్చీ ఉన్నవారి సంగతి. కుర్చీ లేనివారి సంగతి ఇంకా దారుణం.

నవంబరు నెలలో జీవన ప్రమాణపత్రం కోసం వచ్చిన డెబ్బై అయిదేళ్ల పింఛనుదారుడిని ఊహించుకోండి. మధుమేహానికి మాత్రలు వేసుకుని, పని కాగానే ఇంటికి వెళ్లి తినవచ్చని పలుచగా ఏదో తిని బయలుదేరి ఉంటాడు. సర్వరు ఆగింది. పక్కకు వెళితే వరుస పోతుందన్న భయంతో కదలడు. మధ్యాహ్నమవుతుంది. మధుమేహానికి ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటి మందులు వాడేవారిలో భోజనం ఆలస్యమైతే రక్తంలో చక్కెర 70 మిల్లీగ్రాములకన్నా దిగువకు జారిపోవచ్చు. చెమటలు, వణుకు, గుండెదడ, ఆ తరువాత అయోమయం. చుట్టూ ఉన్నవారు ఉక్కపోత అనుకుంటారు. మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి తాగిస్తే నిలబడే మనిషి, ఎవరూ గుర్తించకపోతే కుప్పకూలవచ్చు. అదే వరుసలో నెలలు నిండిన గర్భిణి ఉంటుంది, నీరు తీసే రక్తపోటు మాత్రలు వాడే వృద్ధురాలు ఉంటుంది. వారిని ఇంటికి పొమ్మనరు, కూర్చోమనరు, పని చేసిపెట్టరు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో పనిచేసినవారికి ఒక పద్ధతి బాగా తెలుసు. టీకా మందులను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. అందుకోసం మంచు గోడల ఫ్రిజ్ ఉంటుంది. కరెంటు పోతే ఏం చేయాలో నియమం ఉంది: మూత తెరవకూడదు, ఎక్కువసేపు రాకపోతే ఐస్ ప్యాకులు పేర్చిన కోల్డ్ బాక్సులోకి మార్చాలి. రోజుకు రెండుసార్లు ఉష్ణోగ్రతను చూసి కాగితం మీద రాయాలి. కరెంటు పోతుందని ముందే ఊహించి, ఆ గంటలో ఎవరు ఏం చేయాలో నిర్ణయించి పెట్టారు. కాబట్టే మారుమూల పల్లెలలో కూడా టీకాలు చెడకుండా పిల్లలకు అందాయి. సీసాలోని మందుకు ఇంత ఆలోచన చేసిన ప్రభుత్వానికి, కౌంటరు ముందు నిలబడిన మనిషి కోసం ఒక్క కాగితమంత ఆలోచన చేయడం అసాధ్యమా?

కాన్పులు, పాముకాట్లు, విషం తాగిన కేసులు కరెంటు వచ్చేదాకా ఆగేవి కావు. పెట్రోమాక్స్ దీపాల వెలుగులో, టార్చిలైటు వెలుగులో సేవలందించిన తరం మాది. చీటీ చేతితో రాసేవాళ్లం, రిజిస్టరులో ఎక్కించేవాళ్లం. ఇప్పుడు సర్వర్ లేదని ఓపీ చీటీ కూడా ఇవ్వని ఆసుపత్రులు ఉండడం నాకు మింగుడుపడదు. ప్రాణాపాయంలో ఉన్న వ్యక్తికి చికిత్స చేయడానికి ఏ లాంఛనమూ అడ్డు రాకూడదని పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. కంప్యూటరులో పేరు ఎక్కడం కూడా ఒక లాంఛనమే.

చేతిరాతతో పనులు సాగవన్న వాదనకు 2024 జూలై 19 సమాధానం చెప్పింది. ఒక భద్రతా సంస్థ పంపిన సాఫ్ట్‌వేరు లోపంతో ఆ రోజు ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల కంప్యూటర్లు మొరాయించాయి. శంషాబాదు విమానాశ్రయంలో సిబ్బంది బోర్డింగ్ పాసులను కలంతో రాసి ఇచ్చారు. ఆలస్యమైంది, ఇబ్బంది కలిగింది, కాని ఆ చీటీలతోనే ప్రయాణికులు విమానం ఎక్కారు. విమానానికి పనికివచ్చిన చేతిరాత పింఛను కాగితానికి పనికిరాదా?

‘కాగితమంటే అవినీతి’

ఈ వాదనకు బలమైన అభ్యంతరం ఒకటుంది. కంప్యూటరు వచ్చాకే పాత తేదీలు వేయడం, ఫైళ్లు మాయం కావడం, దళారులు దండుకోవడం తగ్గాయనీ, మళ్లీ కలం చేతికిస్తే పాత రోగాలు తిరగబెడతాయనీ అంటారు. ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. కంప్యూటరు వల్ల సామాన్యుడికి జరిగిన మేలును నేనూ చూశాను. దానిని తీసివేయమని నేను కోరడం లేదు. అది పనిచేయని గంటకు ఏర్పాటు ఉండాలంటున్నాను. ముందే వరుస సంఖ్యలు అచ్చువేసిన రశీదు పుస్తకం, అందులో తేదీ, సమయం, సంతకం, నకలు. కరెంటు వచ్చాక అదే వరుసలో కంప్యూటరులోకి ఎక్కించాలి. అందులో మోసానికి తావెక్కడ? తుది పత్రం ఆ రోజు ఇవ్వలేకపోవచ్చు. దరఖాస్తు తీసుకుని, మళ్లీ రానక్కరలేకుండా ఇంటికి పంపవచ్చు కదా.

ఇదంతా అరుదుగా జరిగే విషయానికి ఆర్భాటమని మరికొందరు అనవచ్చు. 2012 జూలై 31న ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి సుమారు 60 కోట్లమంది నివసించే ప్రాంతాలకు విద్యుత్తు ఆగింది. అప్పటికి దక్షిణాది గ్రిడ్ విడిగా ఉన్నందువల్ల మనకు ఆ దెబ్బ తగలలేదు. 2013 డిసెంబరు 31న మన గ్రిడ్ కూడా దేశ గ్రిడ్‌తో కలిసింది. లాభంతోపాటు ముప్పులోనూ భాగస్తులమయ్యాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకిన తరువాత కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. తీరప్రాంతంలో బతికేవారు తుఫానును అరుదైన అతిథి అనుకోలేరు. గంటసేపటి కోతను ఎదుర్కోవడం నేర్వని కార్యాలయం, వారం రోజుల చీకటిని ఎలా ఎదుర్కొంటుంది?

అడగవలసినవి

నేను కోరేవి ఖర్చుతో కూడినవి కావు. ప్రతి కార్యాలయంలోనూ కరెంటు, నెట్‌వర్కు పోయినప్పుడు పాటించవలసిన పద్ధతిని తెలుగులో రాసి గోడకు అతికించాలి. పావుగంటలో కరెంటు రాకపోతే చేతి రశీదులు మొదలుపెట్టాలి. వృద్ధులను, గర్భిణులను, వికలాంగులను ముందుగా కూర్చోబెట్టి, ముందుగా పంపాలి. క్యూలో ఉన్నవారికి టోకెను ఇస్తే నీడకు వెళ్లి నీళ్లు తాగి తిరిగి రాగలరు. కుండలో మంచినీరు, పెట్టెలో ఓఆర్ఎస్ పొట్లాలు, చక్కెర సిద్ధంగా ఉంచాలి. పొట్లం లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు తలకొట్టిన చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపితే సరిపోతుంది. తెరుచుకునే కిటికీలు కొన్నయినా ఉండాలి. జనరేటరు గదులకు దూరంగా, ఆరుబయట ఉండాలి. చేతిలో పనిలేని ఉద్యోగిని కుర్చీకి కట్టివేయకుండా నడవనివ్వాలి. ఆ గంటను అతని జీతంలోంచి గాని, నిద్రలోంచి గాని కోయకూడదు.

ఇవి జరిగేదాకా పాఠకులు చేయగలిగినది కూడా ఉంది. కార్యాలయానికి పనిమీద వెళ్లేటప్పుడు నీళ్ల సీసా, కొద్దిగా తినుబండారం, మధుమేహముంటే చక్కెర పొట్లం వెంట తీసుకువెళ్లండి. ‘సర్వర్ డౌన్’ అన్నప్పుడు తల వంచుకుని వెనుదిరగకండి. ‘నా దరఖాస్తు తీసుకున్నట్లు కాగితం మీద రాసి ఇవ్వండి’ అని మర్యాదగా అడగండి. ఒకరు అడిగితే విసుక్కుంటారు, పదిమంది అడిగితే రశీదు పుస్తకం అచ్చువేయిస్తారు. మీరే ఉద్యోగి అయితే, ఈసారి కరెంటు పోయినప్పుడు ఫోను జేబులోనే ఉంచి, లేచి, అద్దానికి ఇవతల నిలబడి ఉన్న ఆ పెద్దాయనకు మీ కుర్చీ వేయండి. మీరు కాస్త నడిచినట్లూ ఉంటుంది, ఆయన కాస్త కూర్చున్నట్లూ ఉంటుంది.